ఆరో తరగతి ‘ఐఐటీ ఫౌండేషన్’ ప్యాకేజీ: కొనే ముందు మూట విప్పి చూస్తే

డిసెంబరు వచ్చిందంటే కార్పొరేట్ స్కూళ్ల పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లకు మరీ ఎక్కువ. అమ్మేది ఒకటే సరుకు: ఆరు నుంచి పది దాకా ఐదేళ్ల ‘ఐఐటీ ఫౌండేషన్’, అంటే ఐఐటీ ప్రవేశపరీక్షకు ముందస్తు తయారీ. ఒకచోట టెక్నో అంటారు, ఒకచోట ఒలింపియాడ్, మరోచోట కాన్సెప్ట్. బడి పేరు వెనక ఆ తోకలు తీసేయమని విద్యాశాఖ అధికారులు చెప్పడం, అవి బోర్డు మీంచి దిగి కరపత్రంలోకి ఎక్కడం మామూలే. పేరేదైనా లోపలి సరంజామా దాదాపు ఒకటే. అందుకే ఏ ఒక్క సంస్థనో కాకుండా ప్యాకేజీనే పట్టుకుని చేసిన సమీక్ష ఇది.

వాళ్ల భాషలోనే చెప్పాలంటే మార్కులు ఇలా పడతాయి: మెటీరియల్‌కు నూటికి డెబ్బై, పరీక్షల ఏర్పాటుకు ఎనభై, పిల్లవాడి రోజు గడిచే తీరుకు ఇరవై. ఈ యంత్రాన్ని తయారుచేసింది పదహారేళ్లు దాటినవాళ్ల కోసం. నెల్లూరులో 1979లో నారాయణ కోచింగ్ కేంద్రంగా, విజయవాడలో 1986లో శ్రీచైతన్య ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైనప్పుడు ఆరో తరగతి ఊసే లేదు. పదో తరగతి అయ్యాక రెండేళ్లు పిల్లల్ని కూర్చోబెట్టి ఎంట్రన్స్‌కు తయారుచేయడం అప్పటి పని. అది బాగా అమ్ముడయ్యాక ఇంటర్ సీట్లు నిండాలంటే కింది తరగతుల్లోనే పిల్లల్ని పట్టుకోవాలన్న లెక్క వచ్చింది. పదకొండేళ్ల పిల్లవాడికి ఇవాళ ఇస్తున్నది పదహారేళ్లవాడి చొక్కా, చేతులు మడిచి.

మెచ్చుకోవాల్సినవి ముందు చెప్పుకుందాం. ‘మైక్రో షెడ్యూల్’ అనేది నిజంగా పనికొచ్చే వస్తువు. ఏ తేదీన, ఏ పీరియడ్‌లో, ఏ అధ్యాయంలోని ఏ ముక్క చెప్పాలో ఏడాది ముందే రాసి ఉంటుంది. అన్ని బ్రాంచిల్లోనూ అదే నడుస్తుంది. టీచర్ మధ్యలో మానేసినా పాఠం ఆగదు. ఒక వారం జబ్బుచేసి ఇంటికొచ్చిన పిల్లవాడికి ఏమేం పోయాయో కాగితం చూసి చెప్పేయొచ్చు. మామూలు ప్రైవేటు బడిలో ఫిబ్రవరికి కూడా సిలబస్ తెమలక తంటాలు పడేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. మెటీరియల్ కూడా తీసిపారేసేది కాదు. ముందు సినాప్సిస్ (పాఠం సారాంశం), తరవాత లెవెల్ వన్, టూ, త్రీ అని లెక్కల్ని మెట్లుగా పేర్చుతారు. తప్పులు ఉంటాయి, జవాబుల పట్టిక అక్కడక్కడా తారుమారవుతుంది. అయినా ఒకేచోట అన్ని లెక్కలు బయట దొరకడం కష్టం.

ఇంటర్‌లో అయితే పరీక్షలకు వారానికి వీక్లీ టెస్ట్, కొన్ని వారాలకు క్యుములేటివ్ టెస్ట్, చివర్లో గ్రాండ్ టెస్ట్ అని పేర్లు. ఫౌండేషన్‌లో పేర్లు చిన్నవైనా పద్ధతి అదే: వారాంతంలో పరీక్ష, మర్నాటికి మార్కులు, ఆపైన ‘ఎర్రర్ లిస్ట్’. తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ మళ్లీ రాసి, ఎందుకు తప్పిందో పక్కన రాయాలి. ఊహ చాలా మంచిది. ఆచరణలో ఏం జరుగుతుందంటే, నలభై తప్పులు పోయిన పిల్లవాడు ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ‘కీ’లోని సొల్యూషన్లను నోటుబుక్కులోకి దించేస్తాడు. ఇన్‌ఛార్జి పేజీలు లెక్కపెట్టి టిక్కు కొడతాడు. కారణం రాయాల్సిన గడిలో అందరిదీ ఒకే మాట: ‘కేర్‌లెస్ మిస్టేక్’.

ఇంట్లో దీన్ని సరిచేయడం సులువే. తప్పుల్ని నాలుగు రకాలుగా విడదీయమనండి: పాఠమే తెలియదు, తెలుసు కానీ లెక్కలో జారింది, ప్రశ్న సరిగా చదవలేదు, ఊహించి పెట్టింది. ప్రోగ్రెస్ రిపోర్టులోనూ ర్యాంకును వదిలేసి మూడే అంకెలు చూడండి: ఎన్ని రాశాడు, ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు. జేఈఈ మెయిన్ తీరులో 75 ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి అనుకుందాం. ఒకడు 45 రాసి 36 ఒప్పు చేశాడు: 144లోంచి 9 పోతే 135. ఇంకొకడు 75కు 75 రాసి 42 ఒప్పు చేశాడు: 168లోంచి 33 పోతే అదీ 135. ఇద్దరి ర్యాంకూ ఒకటే. మొదటివాడికి కావాల్సింది వేగం, రెండోవాడికి కావాల్సింది తెలియనిది వదిలేసే ధైర్యం. ర్యాంకు ఎస్సెమ్మెస్‌లో ఈ తేడా రాదు. ఇక అందులో కనిపించే ‘ఆలిండియా ర్యాంక్’ చాలాసార్లు ఆ సంస్థ బ్రాంచిల మధ్య లెక్కే. తాతయ్యకు ఫోన్ చేసి చెప్పేముందు ఎంతమందిలోనో అడగండి.

ఇప్పుడు అసలు లోపం దగ్గరికి వద్దాం. పదకొండేళ్ల పిల్లవాడికి నాలుగు ఆప్షన్ల పరీక్ష ప్రతి వారం పెడితే వాడు లెక్క చేయడం మానేసి ఆప్షన్లు వెయ్యడం నేర్చుకుంటాడు. ‘ఒక సంఖ్యకు మూడు రెట్లలోంచి 7 తీసేస్తే 20. ఆ సంఖ్య ఎంత?’ ఆప్షన్లు 7, 8, 9, 10. ఒక్కొక్కటీ పెట్టి చూస్తే పది సెకన్లలో 9 వచ్చేస్తుంది. సమీకరణం రాయాల్సిన అవసరమే పడదు. అదే లెక్కలో 20 బదులు 22 పెట్టి, ఆప్షన్లు తీసేసి ఇవ్వండి. జవాబు 29/3. సమీకరణం అలవాటున్నవాడు రెండు వరుసల్లో తేలుస్తాడు. ఆప్షన్లకు అలవాటుపడ్డవాడు 9, 10 వేసి చూసి ‘ప్రశ్న తప్పు’ అంటాడు. రెండేళ్లు ఫౌండేషన్ చదివిన పిల్లవాడికి ఇలాంటివి ఐదు లెక్కలు ఇచ్చి చూడండి, కట్టిన ఫీజుకు ఏం వచ్చిందో తేలిపోతుంది. జేఈఈ మెయిన్‌లో సైతం సబ్జెక్టుకు 25 ప్రశ్నల్లో ఐదింటికి ఆప్షన్లుండవు, అంకె రాయాలి. గణిత ఒలింపియాడ్ తొలిమెట్టు ఐవోక్యూఎంలో అయితే 30 ప్రశ్నలకూ ఆప్షన్లు లేవు. బోర్డు మీద ఒలింపియాడ్ అని రాసుకున్నచోట ఆ పరీక్షకు ఎంతమందిని పంపారో అడిగితే పీఆర్వో ముఖం చూడాలి.

భౌతికశాస్త్రంలోనూ ఇదే తంతు. గ్రాఫు వాలు అంటే ఏంటో తెలియకుండా ఎనిమిదిలోనే చలన సమీకరణాలు మూడూ బట్టీ పెట్టిస్తారు. విలువలు వేసి జవాబు తెస్తారు. ఇంటర్లో అవకలనం వచ్చి ఆ సమీకరణాలు త్వరణం మారనప్పుడే పనిచేస్తాయని తెలిసేసరికి, ఎక్కడబడితే అక్కడ వాడేసే అలవాటు ముదిరి ఉంటుంది. ఇంటర్ లెక్చరర్లలో చాలామంది విడిగా అడిగితే ఒప్పుకునే మాటే ఇది: ఫౌండేషన్ చదివొచ్చినవాడికి కొత్తగా నేర్పడం కన్నా పాతది విడిపించడం కష్టం. భిన్నాలు, నిష్పత్తులు, బీజగణితం గట్టిగా వచ్చి, ఒక పేజీ చదివి సొంత మాటల్లో రాయగలిగినవాడు ఏ బడి నుంచి వచ్చినా ఇంటర్లో నిలదొక్కుకుంటాడు.

ఆ రాయడం అన్నదే ఈ ప్యాకేజీలో లేదు. ఓఎంఆర్ గుండ్రాలు దిద్దడానికి వాక్యం అక్కర్లేదు కదా. తెలంగాణలో 2018 చట్టంతో పది వరకు తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉంటుంది. ఆ పీరియడ్‌లో నిజంగా తెలుగే చెబుతున్నారా, లెక్కల స్టడీ అవర్‌గా మార్చారా అన్నది పిల్లవాడి తెలుగు నోటుబుక్కు తెరిస్తే కనిపిస్తుంది. నవంబరుకు ఇరవై పేజీలు కూడా నిండకపోతే సంగతి అర్థమైనట్టే.

కరపత్రంలో కనపడని మాట ఇంకొకటుంది: సెక్షన్. జూన్‌లో పాత పాఠాలు గుర్తుచేసే బ్రిడ్జి కోర్సు, ఆ చివర ఒక పరీక్ష, ఆ మార్కులతో పిల్లల్ని విడదీస్తారు. పై సెక్షన్‌కు సూపర్ అనో స్టార్ అనో పేరు, కిందివాటికి అక్షరాలు. సీనియర్ టీచర్లు పైకి వెళ్తారు, నిన్నగాక మొన్న డిగ్రీ అయినవాళ్లు కిందికి. లెవెల్ త్రీ లెక్కలు పైవాళ్లు చేస్తారు, కిందివాళ్లకు పుస్తకం ఇస్తారు కానీ ఆ పేజీలు తెల్లగానే ఉండిపోతాయి. డౌట్ అవర్లో లెక్చరర్ చుట్టూ ఉండేది ఎవరో చెప్పక్కర్లేదు. చాలాచోట్ల పై సెక్షన్‌లో కొందరికి ఫీజు సగమో, అసలు లేనే లేదో. పూర్తి ఫీజు కట్టేది కింది సెక్షన్, ఫ్లెక్సీ మీద ఫొటో పడేది పై సెక్షన్‌ది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. అందరికీ కట్టించేది ఒకే ప్యాకేజీ పేరు మీద, చేతికందేది మాత్రం వేరువేరు సరుకు.

రెండు మూడు నెలలకోసారి ‘రీషఫ్లింగ్’ ఉంటుంది. ఆఫీసులో టార్గెట్ తప్పినవాణ్ణి వేరే టీమ్‌కు మార్చడం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఉద్యోగికి పన్నెండేళ్లు. కిందికి దిగిన పిల్లవాడికి టీచరూ, పక్కన కూర్చునే స్నేహితుడూ, హాస్టల్ అయితే ఒక్కోసారి గది కూడా మారిపోతాయి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం సాధ్యమైనంతవరకు మానుకోవాలని అందులో ఉంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టాలనీ చెప్పింది. క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు నోటీసు బోర్డు మీద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఉందా చూడండి. కౌన్సెలర్ పేరు అడగండి. పీఈటీ సారే కౌన్సెలర్ కూడా అంటే లేనట్టే లెక్క.

చేరేముందు అడగాల్సినవి కూడా సెక్షన్ చుట్టూనే ఉండాలి. కింది సెక్షన్‌కు ఫిజిక్స్ ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని పీరియడ్లు? ఆ సెక్షన్‌లో ఎంతమంది? విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక టీచరుకు 35 మంది. పోయినేడు కింది నుంచి పైకి వెళ్లినవాళ్లు ఎందరు? జవాబు నోటితో కాకుండా గత పరీక్ష లిస్టుతో చూపించమనండి. టీచర్ల విషయంలో ఇంకో చిక్కుంది. సంక్రాంతి దాటాక వీళ్లకూ అడ్మిషన్ల టార్గెట్ పడుతుంది. పదో తరగతి పరీక్షలు ముంచుకొచ్చే వేళ సారు సాయంత్రాలు అపార్ట్‌మెంట్ల గుమ్మాలెక్కి కరపత్రాలు పంచుతుంటారు. ఆరో తరగతి సందేహాలు తీర్చేది ఎవరు?

ర్యాంకుల ఫ్లెక్సీ గురించి రెండు ముక్కలు చాలు. అందులోని పిల్లవాడు ఏ తరగతిలో చేరాడు అన్నదే ప్రశ్న. వేరే బడిలో పది చదివి, ఇంటర్లో ఫ్రీ సీటు మీద వచ్చినవాడు కావచ్చు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు నియమాలు పెట్టింది: ఆ ర్యాంకర్ తీసుకున్న కోర్సేది, ఎన్నాళ్లది, డబ్బు కట్టాడా లేదా ప్రకటనలోనే చెప్పాలి. ఫ్లెక్సీ మీద ఆ వరుస కనపడకపోతే అడగండి. మరో లెక్క కూడా మనసులో ఉండాలి. మెయిన్ రాసేది 14 లక్షలకు పైగా. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత వచ్చేది సుమారు రెండున్నర లక్షల మందికి. అన్ని ఐఐటీల్లో కలిపి సీట్లు సుమారు 18 వేలు.

పిల్లవాడి రోజు సంగతి. రెసిడెన్షియల్‌లో సాధారణంగా ఐదింటికి లేపుతారు. ఐదుంపావు నుంచో ఐదూముప్పావు నుంచో గంటన్నర స్టడీ, ఎనిమిది నుంచి పన్నెండున్నర క్లాసులు, భోజనం, ఒకటిన్నర నుంచి నాలుగున్నర మళ్లీ క్లాసులు, ముప్పావుగంట ఆట, చీకటి పడేవేళ రెండు గంటలు, భోజనమయ్యాక గంటన్నర. కూడితే పన్నెండున్నర గంటలు పుస్తకం ముందే. పదిన్నరకు దీపాలార్పితే నిద్ర ఆరున్నర గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పదమూడు దాటినవాళ్లకు ఎనిమిది నుంచి పది కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన ఉండాలంటుంది, అంటే రోజుకు నాలుగున్నర గంటల చిల్లర. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ఆ తరగతులకు హోంవర్కు రోజుకు గంట మించొద్దంది. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాలు పదహారేళ్ల లోపువారిని చేర్చుకోకూడదని, రోజుకు ఐదు గంటలు మించకూడదని, వారంలో ఒక రోజు సెలవిచ్చి మర్నాడే పరీక్ష పెట్టకూడదని చెప్పాయి. అయితే అవి కోచింగ్ సెంటర్లకు. అదే కోచింగ్‌ను స్కూలు టైమ్‌టేబుల్లో కలిపేస్తే దాని పేరు ‘ఇంటిగ్రేటెడ్’ అయిపోతుంది.

అందుకే క్యాంపస్‌కు ఆదివారం పొద్దున వెళ్లొద్దు. ఆ రోజు మెస్సులో చికెన్, గచ్చు మీద ఫినాయిల్ వాసన. మామూలు బుధవారం సాయంత్రం నాలుగున్నరకు వెళ్లండి. ఆ ముప్పావుగంటలో పిల్లలు బంతి వెనక పరుగెడుతున్నారా, మెట్ల మీద కూర్చుని ఎర్రర్ లిస్ట్ నింపుతున్నారా కళ్లారా కనిపిస్తుంది. గోడకు అంటించిన టైమ్‌టేబుల్‌ను ఫొటో తీసుకోండి. కరపత్రంలోది, గోడమీదిది ఒకటి కావు.

డబ్బు విషయం. ‘స్కాలర్‌షిప్ టెస్ట్’ రాస్తే యాభై శాతం రాయితీ అంటారు. ఏ ఫీజులో యాభై అన్నది చూడాలి. చాలాసార్లు అది ట్యూషన్ ఫీజులోనే, అదీ మొదటి ఏడాదికే. పుస్తకాలు, యూనిఫాం, బస్సు, మెస్సు అన్నీ మామూలే. ఏటా పది శాతం పెంపు అంటే చిన్నగానే వినిపిస్తుంది. ఆరులో లక్ష అయితే పదికొచ్చేసరికి లక్షా నలభై ఆరు వేలు, ఐదేళ్లకు కలిపి ఆరు లక్షల పదివేలు. ఐదేళ్ల పెంపు ఎంతో కాగితం మీద రాయించుకోండి. రసీదులు ఎవరి పేరుతో ఇస్తున్నారో చూడండి. స్కూలు సొసైటీ పేరుతో ఒకటి, ‘ఎడ్యుకేషనల్ సర్వీసెస్’ లాంటి పేరుతో ఇంకొకటి వస్తే, మధ్యలో మానేసినప్పుడు తిరిగి అడగడం కష్టమయ్యేది రెండోదే. కోచింగ్‌గా బిల్లు చేస్తే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుంది, బడి ఫీజుకు పడదు. పాత పన్ను విధానంలో ఆదాయపు పన్ను మినహాయింపుకు చూపించేది ట్యూషన్ ఫీజు మాత్రమే, హాస్టల్ ఖర్చు చెల్లదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ప్రవేశానికి వడపోత పరీక్ష పెట్టడం విద్యాహక్కు చట్టంలో నిషిద్ధం. పరీక్ష రాయితీ కోసమే తప్ప ప్రవేశానికి కాదని వాళ్లు చెప్పే మాటలోని తెలివి అదే.

ఎవరికి పనికొస్తుంది? పది పూర్తయి, లెక్కలంటే నిజంగా ఇష్టముండి, పై రెండు సెక్షన్లలో చోటు దొరికే పిల్లలకు ఇంటర్ రెండేళ్లు, వీలైతే డే స్కాలర్‌గా, ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. అక్కడ మైక్రో షెడ్యూల్, వారం వారం పరీక్ష, సీనియర్ లెక్చరర్ మూడూ ఒకేచోట కలుస్తాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా వద్దు. తొమ్మిది, పదిలో తప్పదనుకుంటే మామూలు బడిలోనే ఉంచి, ఆ మెటీరియల్ కొని వారానికి మూడు గంటలు ఇంట్లో చేయించినా ఫలితంలో పెద్ద తేడా రాదు. పల్లెల్లో ఉండి హాస్టలే కావాలనుకునేవాళ్లు ముందు నవోదయ పరీక్ష రాయించండి. 80 ప్రశ్నలు, వంద మార్కులు, రెండు గంటలు. ఎనిమిదో తరగతి దాకా ఫీజు లేదు. తయారీకి ఐదో తరగతి పుస్తకాలు, పాత పేపర్లు చాలు.

ఇప్పటికే చేర్పించి, తీసేయాలనుకునేవాళ్లు కాగితాల పని ముందు చూసుకోవాలి. పిల్లవాడి పేరు ఏ యూడైస్ కోడ్ (ప్రభుత్వ రికార్డుల్లో బడి సంఖ్య) కింద ఉందో అడగండి. కూర్చునేది ఒక బ్రాంచిలో, పేరు ఇంకో గుర్తింపు ఉన్న బడిలో ఉండటం అరుదేమీ కాదు. పదో తరగతి హాల్‌టికెట్ చేతికొచ్చాక అది బయటపడితే చేయగలిగింది ఉండదు. టీసీతోపాటు పెన్ నంబరు (పిల్లవాడి శాశ్వత విద్యాసంఖ్య) తీసుకుని, యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో పాత బడివాళ్లు పేరును డ్రాప్‌బాక్స్‌ (బడి వదిలిన పిల్లల జాబితా)లోకి పంపారో లేదో ఆ ఆఫీసు కంప్యూటర్ ముందే నిలబడి చూడండి. అది పంపేదాకా కొత్త బడి ఆన్‌లైన్‌లో చేర్చుకోలేదు. బాకీ ఫీజు కోసం చాలాచోట్ల ఆపేది దాన్నే. ఏప్రిల్ చివరి వారంలో అడిగితే ఆ ఆఫీసులో మనిషి దొరుకుతాడు, జూన్‌లో దొరకడు.